డకోటాను చెవులతో నడపాలి



ఇప్పుడు మనం కలిసి ఒక ప్రయాణం చేద్దాం. బేగంపేట నుంచి మద్రాసుకు, విమానంలో. జెట్ విమానం కాదు. అటొకటి, ఇటొకటి రెండు ప్రొపెల్లర్లు. తోక కింద చిన్న చక్రం. నేల మీద నిలబడితే దాని ముక్కు ఆకాశంలోకి చూస్తుంటుంది. అసలు పేరు డగ్లస్ డీసీ-3. 1935 డిసెంబరులో అమెరికాలో మొదటిసారి ఎగిరింది. మన దేశంలో దాన్ని డకోటా అన్నారు. మనమూ డకోటా అనే అందాం.

ఈ ప్రయాణం కంప్యూటర్ తెర మీద జరుగుతుంది. ఫ్లైట్ సిమ్యులేటర్ అన్న మాట మీలో చాలామంది వినే ఉంటారు. తెర మీద కాక్‌పిట్ కనిపిస్తుంది. చేతిలో జాయ్‌స్టిక్, చెవులకు హెడ్‌ఫోన్లు. బ్రూస్ ఆర్ట్‌విక్ అనే ఇంజనీరు 1979లో ఆపిల్ కంప్యూటర్ కోసం ఒక సిమ్యులేటర్ తయారుచేశాడు. అప్పట్లో తెర మీద కనిపించేవి కొన్ని గీతలు, అంతే. ఇవాళ ఉపగ్రహాలు తీసిన చిత్రాల మీదుగా ఎగురుతాం. కింద మన ఊరి చెరువును గుర్తుపట్టవచ్చు. బయట నిజంగా వాన పడుతుంటే తెర మీద కూడా మబ్బు పడుతుంది.

ఇంత సౌకర్యం వచ్చాక ఎవరైనా ఏం నడుపుతారు? కొత్త ఎయిర్‌బస్, కొత్త బోయింగ్. నిజమే, చాలామంది వాటినే నడుపుతారు. కొందరం మాత్రం డకోటాను వదల్లేకపోయాం. ఎందుకో చెబుదామనే ఇవాళ మీ ముందుకు వచ్చాను.

ముందు ఒక్క ముక్కలో చెప్పేస్తాను. తర్వాత మళ్లీ మళ్లీ ఇదే చెబుతాను. పిస్టన్ ఇంజన్ విమానంలో పైలట్‌కు సగం పని దారి చూసుకోవడం. మిగతా సగం ఇంజన్‌ను కాపాడుకోవడం. ఆ రెండో సగానికి కళ్లు చాలవు, చెవులు కావాలి.

సరే, ఇంజన్ స్టార్ట్ చేద్దాం.

పాత బుల్లెట్ మోటార్ సైకిల్ నడిపినవాళ్లకు నేను చెప్పబోయేది వెంటనే అర్థమవుతుంది. చలికాలం పొద్దున్నే అది ఒక్క కిక్కుకు లేవదు. చోక్ ఎంత ఇవ్వాలి, కిక్కు ఎక్కడ పడాలి అనేది ఆ బండిని బట్టి తెలుసుకోవలసిందే. డకోటా ఇంజన్‌దీ అదే స్వభావం. కాకపోతే ఒక్కో ఇంజన్‌లో సిలిండర్లు 14. ఏడేసి చొప్పున రెండు వరసల్లో, గుండ్రంగా అమర్చి ఉంటాయి.

గుండ్రంగా ఉండటంతోనే ఒక చిక్కు వస్తుంది. రాత్రంతా విమానం ఆగి ఉంటే ఇంజన్‌లోని ఆయిలు మెల్లగా కిందికి జారుతుంది. అడుగున ఉన్న సిలిండర్లలో చేరుతుంది. అది చూసుకోకుండా స్టార్ట్ చేస్తే పిస్టన్ వచ్చి ఆయిలును నొక్కుతుంది. ఆయిలు నలగదు. లోపలి ఇనుమే వంగిపోతుంది. అందుకని మెకానిక్కులు ముందుగా ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పి చూసేవారు. ఆ తర్వాత కాక్‌పిట్‌లో పైలట్ స్టార్టర్ నొక్కి, కిటికీలోంచి చూస్తూ ప్రొపెల్లర్ రెక్కలు లెక్కపెడతాడు. ఒకటి. రెండు. మూడు. కొన్ని రెక్కలు సాఫీగా దాటాక, సిలిండర్లలో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో స్విచ్ వేస్తాడు. ఒక సిలిండర్ దగ్గుతుంది. కాసేపటికి ఇంకొకటి. బుస్సున పొగ వస్తుంది. అప్పుడు పెట్రోలును వదిలే మిక్స్చర్ లివరు ముందుకు జరపాలి. ఒక్క క్షణం తొందరపడితే పెట్రోలు ఎక్కువై ఆగిపోతుంది, ఆలస్యమైతే పెట్రోలు అందక ఆగిపోతుంది. ఆ క్షణం ఎప్పుడొస్తుందో ఏ మీటరూ చెప్పదు. వినాలి.

ఇంజన్ అందుకుంది కదా అని బయల్దేరకూడదు. ఆయిలు వేడెక్కాలి. దాదాపు 40 డిగ్రీలకు వచ్చేదాకా బ్రేకులు వేసుకుని కూర్చోవాలి. సిమ్యులేటర్‌లో ఈ నిరీక్షణను దాటేసే మార్గాలున్నాయి. దయచేసి దాటకండి. ఆ నాలుగైదు నిమిషాల్లో శబ్దం ఎలా మారుతుందో గమనించండి. మొదట్లో గరగరలాడే ఇంజన్ మెల్లమెల్లగా నున్నబడుతుంది. అది బాగున్నప్పుడు ఎలా ఉంటుందో చెవికి ముందే తెలిసి ఉంటేనే, చెడినప్పుడు పట్టుకోగలం.

ఇవన్నీ సిమ్యులేటర్‌లో నిజంగా ఉంటాయా అని మీకు సందేహం రావచ్చు. మంచి వాటిలో ఉంటాయి. ఏటూఏ సిమ్యులేషన్స్ అనే సంస్థ కాన్‌స్టెలేషన్, స్ట్రాటోక్రూయిజర్ అనే నాలుగు ఇంజన్ల పాత విమానాలను కంప్యూటర్‌లోకి తెచ్చింది. వాటిలో ఇంజన్ అరుగుదలను కూడా గుర్తుపెట్టుకునే ఏర్పాటు చేసింది. ఇవాళ ఇంజన్‌ను మితిమీరి వేడెక్కించారనుకోండి. రేపు కంప్యూటర్ తెరిచేసరికి అదే ఇంజన్, అదే దెబ్బతో మీకోసం ఎదురుచూస్తుంటుంది. నా దృష్టిలో ఇది ఆటను దాటిపోయింది. చేసిన పనికి ఫలితం మర్నాటికీ మిగిలి ఉంటే, మనిషి జాగ్రత్త నేర్చుకుంటాడు.

ఇప్పుడు రన్‌వే మీదికి వచ్చాం. పడమటి గాలి వీస్తోంది కాబట్టి పడమర వైపే లేస్తాం. పైలట్ కుడిచేతి దగ్గర లివర్లు ఉన్నాయి. థ్రాటిల్ వల్ల ఇంజన్‌లోకి వెళ్లే గాలి, పెట్రోలు పెరుగుతాయి. ప్రొపెల్లర్ లివరు ఇంజన్ ఎంత వేగంగా తిరగాలో నిర్ణయిస్తుంది. మిక్స్చర్ లివరు గాలిలో పెట్రోలు పాలు ఎంతో చూస్తుంది. మూడూ కలిసి పనిచెయ్యాలి. వాటికి ఒక వరస ఉంది.

శక్తి పెంచేటప్పుడు ముందు ప్రొపెల్లర్, తర్వాత థ్రాటిల్. తగ్గించేటప్పుడు ముందు థ్రాటిల్, తర్వాత ప్రొపెల్లర్. మళ్లీ చెబుతాను. పెంచేటప్పుడు ముందు ప్రొపెల్లర్. తగ్గించేటప్పుడు ముందు థ్రాటిల్. ఈ వరస తప్పి, నెమ్మదిగా తిరిగే ఇంజన్‌లోకి మిశ్రమాన్ని కుక్కితే, సిలిండర్ లోపల అది నిదానంగా మండే బదులు ఒక్కసారిగా పేలుతుంది. పిస్టన్లకు కన్నాలు పడేది అలాగే.

తోక లేచింది. కాసేపటికి చక్రాలు నేలను వదిలాయి. పూర్తి శక్తిని ఈ ఇంజన్లు కొద్ది నిమిషాలే భరిస్తాయి. కాబట్టి నేల వదలగానే శక్తి తగ్గించాలి. ఎడమకు తిరుగుతుంటే హుస్సేన్ సాగర్ కనిపిస్తుంది. ముక్కు ఆగ్నేయం వైపు పెట్టి పైకి ఎక్కుదాం.

ఇక్కడ నాకు ప్రాణమైన పని ఒకటుంది. రెండు ఇంజన్లూ సరిగ్గా ఒకే వేగంతో తిరగకపోతే రెండు శబ్దాలూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఊఁ... ఊఁ... ఊఁ... అని అలలు అలలుగా వినిపిస్తుంది. లోపల కూర్చున్న ప్రయాణికులకు రెండు గంటలు ఆ శబ్దం వింటే తలనొప్పి ఖాయం. పైలట్ ఒక ప్రొపెల్లర్ లివరును వెంట్రుకవాసి కదుపుతాడు. అల పొడుగవుతుంది. ఊఁ...... ఊఁ...... ఇంకొంచెం కదుపుతాడు. అల ఇంకా సాగి, సాగి, మాయమైపోతుంది. రెండు ఇంజన్లూ ఒకే శ్రుతిలో పడతాయి. ఇది మీటర్ల ముళ్లు చూసి సాధించేది కాదు. కళ్లు మూసుకుని చెయ్యాలి. సంగీతం తెలిసినవాళ్లు ఈ పని మొదటిరోజే పట్టుకుంటారు.

ఎక్కడో అమెరికా విమానం మనకెందుకు అనుకునే శ్రోతలకు ఒక మాట. ఈ విమానం బేగంపేట మీద రోజూ వినిపించిన కాలం ఒకటుంది. 1945లో నిజాం ప్రభుత్వ రైల్వే, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ అనే సంస్థను పెట్టారు. దాని విమానాలు డకోటాలు. బేగంపేట నుంచి మద్రాసుకు, ఢిల్లీకి తిరిగేవి. ప్రేమ్ మాథుర్ అనే యువతి విమానం నడిపే లైసెన్సు సంపాదించి, ఉద్యోగం కోసం ఎక్కని గడప లేదు. ఆడపిల్ల నడిపే విమానం ఎవరెక్కుతారని సంస్థలు తిప్పి పంపాయి. చివరికి 1947లో ఆమెను తీసుకున్నది మన డెక్కన్ ఎయిర్‌వేస్. భారతదేశంలో ప్రయాణికుల విమానానికి తొలి మహిళా పైలట్, హైదరాబాదు సంస్థ డకోటాలో కో-పైలట్ సీట్లో కూర్చుంది. ఇవాళ మనం తెర మీద పట్టుకున్న లివర్లు ఆమె పట్టుకున్నవే. 1953లో దేశంలోని విమాన సంస్థలను ప్రభుత్వం జాతీయం చేసింది. వాటిలో డెక్కన్ కూడా ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

మళ్లీ మన ప్రయాణానికి వద్దాం. బేగంపేట వదిలి అరగంట కావస్తోంది. కింద ఏముందో చూడాలి. సిమ్యులేటర్‌లో ఒక మీట నొక్కితే మ్యాప్ వచ్చి మనమెక్కడున్నామో చూపిస్తుంది. దాన్ని మూసెయ్యండి. అప్పటి పైలట్‌కు ఉన్నవి కాగితం మ్యాప్, దిక్సూచి, చేతి గడియారం, పక్కన రేడియో. వర్షాకాలంలో పడమటి గాలి విమానాన్ని ఎడమకు తోస్తుంటుంది. గాలి పక్కనుంచి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో తోస్తే, ఏమీ పట్టించుకోకుండా పోయినవాడు అరగంటలో 15 కిలోమీటర్లు దారి తప్పుతాడు. అందుకే ముక్కును కొద్దిగా కుడికి, గాలిలోకి పెట్టి ఎగరాలి. అలా పెట్టింది సరిపోయిందా లేదా అన్నది కృష్ణానది చెబుతుంది.

అదిగో కృష్ణ. ఇవాళ తెర మీద మనకు కనిపించేది నాగార్జునసాగర్ వెనుక నిలిచిన నీరు. డెక్కన్ ఎయిర్‌వేస్ పైలట్లకు ఆ జలాశయం లేదు. సాగర్‌కు పునాదిరాయి పడిందే 1955లో. కొండల మధ్య ఒదిగి పారే నదిని చూసి, దాని వంపును మ్యాప్‌లోని వంపుతో పోల్చుకుని, అవును ఇక్కడే ఉన్నాం అనుకునేవారు.

నది దాటాక నల్లమల. జూలై నెల, మధ్యాహ్నం. కొండల మీద మబ్బులు దిగి ఉన్నాయి. డకోటా వాటి పైకి వెళ్లలేదు. లోపల గాలి ఒత్తిడిని నిలిపే ఏర్పాటు దానికి లేదు. 10,000 అడుగులు దాటితే మనుషులకు ఊపిరి అందడం కష్టమవుతుంది. కాబట్టి జెట్లు ఏ వాన పైనుంచి దాటిపోతాయో, డకోటా ఆ వానలోంచే పోవాలి.

మబ్బులోకి వెళ్లాం. అద్దాల మీద నీళ్లు. అంతా సవ్యంగా ఉంది. కాసేపటికి శబ్దంలో ఏదో చిన్న తేడా. లివర్లను ఎవరూ ముట్టుకోలేదు, అయినా ఇంజన్ ఊపు తగ్గుతోంది. ఏమైంది? గాలిలో పెట్రోలును కలిపే కార్బ్యురేటర్‌లో మంచు పట్టింది. బయట చల్లదనం మరీ ఎక్కువేం లేదు, నీరు గడ్డకట్టే వాతావరణం కాదు. కానీ కార్బ్యురేటర్‌లో పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. తడిగాలి అక్కడికి చేరగానే గడ్డకడుతుంది. గాలి వెళ్లే దారి కొద్దికొద్దిగా పూడుకుపోతుంది. అలాగే వదిలేస్తే ఇంజన్ ఆగిపోతుంది. వెంటనే వేడిగాలి లోపలికి పంపే లివరు లాగాలి. ఇంజన్ ఒకసారి తడబడుతుంది. కరిగిన నీళ్లు మింగుతోందన్నమాట. తర్వాత గొంతు సర్దుకుంటుంది.

చూశారా, ఇక్కడ కూడా ముందు చెప్పింది చెవే. ముల్లు తర్వాత కదిలింది.

ఇంజన్‌ను ఇలా కాపాడుకుంటే ఏమవుతుందో చెప్పే సంఘటన ఒకటుంది. 1956 అక్టోబరు. పాన్ అమెరికన్ సంస్థ స్ట్రాటోక్రూయిజర్ ఒకటి హోనొలులు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు రాత్రిపూట పసిఫిక్ మీద పోతోంది. దాని ఒక్కో ఇంజన్‌లో 28 సిలిండర్లు. నడి సముద్రం మీద ఒక ప్రొపెల్లర్ అదుపు తప్పి విపరీతమైన వేగంతో తిరగడం మొదలుపెట్టింది. ఆపడానికి చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. తర్వాత రెండో వైపు ఇంకో ఇంజన్ కూడా పోయింది. మిగిలిన రెండింటితో అటూ చేరలేరు, ఇటూ తిరిగి వెళ్లలేరు. కెప్టెన్ రిచర్డ్ ఆగ్ కింద ఉన్న కోస్ట్‌గార్డ్ నౌక చుట్టూ తెల్లవారేదాకా తిరుగుతూనే ఉన్నాడు. ఆ రెండు ఇంజన్లనూ రాత్రంతా కాపాడుకున్నాడు. వెలుగు వచ్చాక విమానాన్ని నీటి మీద దించాడు. లోపలున్న 31 మందీ బతికారు. ఈ కథను పుస్తకంలో చదవడం వేరు. సిమ్యులేటర్‌లో రెండు ఇంజన్లు ఆపేసి, మిగిలిన రెంటి మీద చీకట్లో ఒక్క గంట తిరిగి చూడండి. ఆయన చేసిందేమిటో అప్పుడు తెలుస్తుంది.

పెద్ద విమానాల్లో ఈ పనికి ప్రత్యేకంగా ఒక మనిషి ఉండేవాడు. ఫ్లైట్ ఇంజనీరు. 1948 జూన్ 8న ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ తొలి విమానం మలబార్ ప్రిన్సెస్ బొంబాయి నుంచి కైరో, జెనీవాల మీదుగా లండన్ వెళ్లింది. అది కాన్‌స్టెలేషన్. అలాంటి విమానంలో ఫ్లైట్ ఇంజనీరు పైలట్ల వెనుక, పక్కకు తిరిగి, నాలుగు ఇంజన్ల మీటర్లు ముందు పెట్టుకుని కూర్చునేవాడు. ఇప్పుడు సిమ్యులేటర్‌లో దొరికే డీసీ-6 విమానంలో ఆయన పనిని కంప్యూటరే చేసిపెట్టే ఏర్పాటుంది. మొదట్లో అది వాడుకోండి, తప్పులేదు. పని కాస్త తెలిశాక మాత్రం దాన్ని మాన్పించెయ్యండి. ఆ విమానంలో రసమంతా ఆయన కుర్చీలోనే ఉంది.

మబ్బులు విడిపోయాయి. పెన్నా ఇసుక తెల్లగా కనిపిస్తోంది. ఎడమ పక్క దూరంగా నెల్లూరు. ఇక దిగడం గురించి ఆలోచించాలి. మద్రాసు ఇంకా చాలా దూరం ఉంది కదా అంటారేమో. జెట్ అయితే ఇంజన్లను దాదాపు ఖాళీగా తిరగనిచ్చి దిగిపోతుంది. ఇక్కడ అలా చెయ్యకూడదు. అంతసేపు వేడిగా పనిచేసిన సిలిండర్లకు శక్తి ఒక్కసారిగా తగ్గించి, చల్లగాలిలో కిందికి దూకితే, లోహం బిగుసుకుని పగుళ్లివ్వవచ్చు. పైగా గాలే ప్రొపెల్లర్‌ను తిప్పి, ప్రొపెల్లర్ ఇంజన్‌ను తిప్పే తలకిందుల పరిస్థితి వస్తుంది. బేరింగులకు అది మంచిది కాదు. అందుకని సూళ్లూరుపేట వచ్చేసరికే దిగడం మొదలుపెట్టాలి. థ్రాటిల్‌ను కొద్దికొద్దిగా, ఓపిగ్గా తగ్గిస్తూ పోవాలి. ఎడమ పక్క పులికాట్ సరస్సు పొడుగునా మెరుస్తుంది. అది అయిపోయేసరికి మద్రాసు మసకలోంచి బయటపడుతుంది. సెయింట్ థామస్ మౌంట్ కొండను చూసుకుని మీనంబాకం రన్‌వేకు ఎదురుగా రావాలి. ముందు చక్రాలు తాకుతాయి. తోక మెల్లగా కిందికి దిగుతుంది. ఆ చివరి క్షణాల్లో విమానం పక్కకు తిరిగిపోవాలని చూస్తుంది. అది పూర్తిగా ఆగేదాకా కాళ్లు పెడల్స్ మీదే ఉండాలి.

సిమ్యులేటర్ ఇవ్వలేనివి ఉన్నాయి. సీటు కింద అదురు ఉండదు. పెట్రోలు వాసన ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, ప్రాణభయం ఉండదు. వెనుక సీట్లలో నిజమైన మనుషులు లేరు. అప్పటి పైలట్లకు ఆ భయం రోజూ ఉండేది. 1949లో రాత్రి తపాలా సర్వీసు మొదలయ్యాక బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నుంచి బయల్దేరిన విమానాలు అర్ధరాత్రి నాగపూర్‌లో కలుసుకునేవి. ఉత్తరాల సంచులు మార్చుకుని తెల్లారేసరికి ఎవరి ఊరికి వారు చేరేవారు. వాన, చీకటి, పిడుగులు. పిడుగు పడిన వైపుకు రేడియో దిక్సూచి ముల్లు లాగేస్తుంటుంది. ఆ మనుషుల ధైర్యం ఏ కంప్యూటర్‌లోనూ దొరకదు. వాళ్ల పనితనం మాత్రం దొరుకుతుంది. ఏ లివరు ఎప్పుడు, ఏ శబ్దానికి, ఎంత కదిపారు అన్నది మన చేతులతో మనం చేసి తెలుసుకోవచ్చు. అందుకే నాకు ఈ సిమ్యులేటర్ అంటే ఇంత గౌరవం.

నిజమైన డకోటా ఇప్పటికీ మన దేశంలో ఒకటి ఎగురుతుంది. వాయుసేన దగ్గరుంది, పేరు పరశురామ. 2018లో బ్రిటన్ నుంచి ఎగురుకుంటూ వచ్చింది. దాని మీద రాసిన నంబరు వీపీ 905. 1947 అక్టోబరు 27న శ్రీనగర్‌కు సైనికులను చేర్చిన డకోటా నంబరు అది. విమానాల ప్రదర్శనల్లో ఎక్కడైనా అది వస్తే వదలకండి. చూడటం తర్వాత, ముందు వినండి.

చివరిగా ఒక విన్నపం. డెక్కన్ ఎయిర్‌వేస్ విలీనమయ్యాక కూడా డకోటాలు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో, వాయుసేనలో చాలా ఏళ్లు పనిచేశాయి. వాటిని నడిపినవాళ్లు, రేడియో ఆపరేటర్లు, బేగంపేట హ్యాంగర్లలో వాటి సిలిండర్లు విప్పి బిగించిన మెకానిక్కులు మన ఊళ్లలో, మన ఇళ్లలో ఇంకా కొందరున్నారు. మీ తాతయ్యో, పక్కింటి పెద్దాయనో అలాంటివారైతే, ఈ ఆదివారం ఆయన దగ్గర కూర్చోండి. వీలైతే ఒక హెడ్‌ఫోను ఆయన చెవులకు పెట్టి తెర మీది డకోటాను స్టార్ట్ చెయ్యండి. శబ్దం సరిగ్గా ఉందా అని అడగండి. ఆయన చెప్పేదంతా ఫోనులో రికార్డు చేసి, తేదీ వేసి దాచండి. పాత లాగ్‌బుక్కులు, ఫొటోలు ఉంటే పారేయకుండా ఒక్కో పేజీ ఫొటో తీసి పెట్టండి. ఆలస్యం చెయ్యకండి.